మన రేవు మత్స్యకారుల సంఘం: 2025 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, ఊరి పెద్దలైన కాపులకు, సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధాన్ని ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరంలోని మన ఇంజిన్ పడవలన్నీ తు.చ. తప్పకుండా పాటించాయి. నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి ఈ ఏడాది 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెరిగినందున, ఆ భృతి కోసం అధికారులు చేసే పడవల లెక్కింపులో పేరు జారిపోతే కలిగే నష్టమూ రెట్టింపయింది. ఉప్పుగాలికి పెచ్చులూడిన రిజిస్ట్రేషన్ నంబర్లు కనబడటం లేదంటూ గతంలో కొన్ని పడవలను పక్కన పెట్టిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అందుకే నిషేధానికి ముందే ఒడ్డున టెంటు వేసి, పడవల ముక్కు మీద పాత రంగు గీకించి నంబర్లు కొత్తగా రాయించాము. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఆధార్, బ్యాంకు పుస్తకాల నకళ్లను పడవకొక కవరులో సర్ది ఉంచాము. లెక్కింపు రోజున ఒక నంబరు ఇంకా ఆరక సిబ్బంది వేలికి నీలం రంగు అంటింది. అయినా ఒక్క పడవకూ అభ్యంతరం రాలేదు. సంఘం పెట్టిన నాటి నుంచి ఇంతకంటే గర్వించదగిన రోజు లేదని నా అభిప్రాయం. రంగు డబ్బాలు ఉచితంగా ఇచ్చిన దుకాణదారుకు, మూడు రోజులు ఫారాలు నింపిన మన కాలేజీ పిల్లలకు, గంపలు దించి అందరికీ మజ్జిగ పోసిన అక్కలకు సంఘం రుణపడి ఉంది.

ఇక తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల సంగతి. 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద ఆ లోపలి నీళ్లు మన పడవల్లాంటి చిన్న సంప్రదాయ పడవలవి, పెద్ద మర బోట్లు అవతలే వేటాడాలి. అవి మాత్రం రాత్రిపూట లోపలికి వచ్చి మన వలలను తెంచుకుపోతున్నాయి. జీపీఎస్ గుర్తులు, తెగిన వల ముక్కలు జతచేసి మూడుసార్లు అర్జీ ఇచ్చాము. గస్తీ వచ్చింది, తెల్లవారాక. నిషేధ కాలంలో మన పడవ కదిలితే మధ్యాహ్నానికల్లా అందే నోటీసు, మన వల తెగినప్పుడు ఎవరికీ అందదెందుకో అధికారులే చెప్పాలి. మూడో అర్జీపై సంతకాలకు వచ్చిన కమిటీ సభ్యులు నలుగురే. ఆ సాయంత్రం వేలంపాట దగ్గర మాత్రం కమిటీ మొత్తం కనిపించింది.

జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. నిల్వ స్వల్పం, చందా బకాయిలు ఎక్కువ.

లైసెన్సు గడువు తీరుతున్న పడవల యజమానులు ఈ సభ ముగిసేలోగా నా దగ్గర పేర్లు రాయించుకోగలరు.

కార్యదర్శి