నగరానికీ సిలబస్‌లో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీలో జీవావరణశాస్త్రం (ఎకాలజీ – జీవులకూ పరిసరాలకూ ఉన్న సంబంధాల చదువు) అంటే అడవి, చెరువు, గడ్డిమైదానం. నగరం వంతు వచ్చేసరికి కాలుష్యం మీద ఒక్క అధ్యాయంతో సరిపెట్టేస్తారు. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2018 నాటికే ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణవాసులు. మరి వాళ్లుండే చోటు గురించి చదవొద్దా?

నగరంలో చదవడానికేముందని అడిగేవాళ్లున్నారు. చాలా ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గ్రేట్ టిట్ పిట్టలపై చేసిన పరిశోధన 2003లో వెలువడింది. ట్రాఫిక్ రొద ఎక్కువున్న చోట ఆ పిట్టలు పై స్థాయి స్వరాల్లో పాడుతున్నాయని అందులో తేలింది. వాహనాల హోరు కింది స్వరాలను మింగేస్తుంది మరి! అమెరికాలో బాల్టిమోర్, ఫీనిక్స్ నగరాలనే జీవావరణ వ్యవస్థలుగా తీసుకుని 1997లో దీర్ఘకాలిక అధ్యయనాలు మొదలుపెట్టారు.

అంతదూరం ఎందుకు, ఏ రోడ్డు పక్క చెట్టు దగ్గరైనా విద్యార్థులను నిలబెట్టండి. మొదలు దాకా సిమెంటు పోసి ఉంటుంది. మిగిలిన కాస్త మట్టిలో ఇనుప చువ్వ గుచ్చితే దిగదు. మట్టి అంతగా బిగుసుకుపోతే వేళ్లకు నీరూ గాలీ సరిగా అందవు. గాలివానకు ఆ చెట్టు కూలితే మాత్రం తప్పంతా చెట్టుదే అంటాం.

నగర జీవావరణశాస్త్రాన్ని ప్రత్యేక పేపర్‌గా పెట్టాలి. సివిల్ ఇంజినీరింగ్, ప్లానింగ్ విద్యార్థులకూ తప్పనిసరి చేయాలి, ఎందుకంటే రేపు ఆ సిమెంటు పోయించేది వాళ్లే. సగం మార్కులైనా ఫీల్డ్ వర్క్‌కు కేటాయించాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

– ఒక పీజీ విద్యార్థిని