గిడ్డంగి తాళం నా దగ్గరే ఉంది

కాకినాడ,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

సూరిబాబు గారి కోడలు బుధవారం సింగపూరు వస్తోంది. పెట్టెలో రెండు కిలోల చోటిస్తానంది. అందులో కిలోన్నర మీ అమ్మ ఆవకాయే మింగేసింది. మిగతా చోట్లో కాజాలు, నువ్వుల పొడి, ఈ ఉత్తరం. సీసా మూతకి రెండు కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. సింకులో పెట్టి విప్పు, క్రితంసారిలాగా మంచం మీద కాదు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఎత్తితే కదా ఫోను. దెప్పడం లేదు, పనులుంటాయి, నాకు తెలుసు. "బిజీ నాన్నా, తర్వాత చేస్తా" అని మెసేజి పెట్టి ఐదు వారాలైంది, అంతే. క్యాలెండరు మీద గీతలు పెడుతున్నది మీ అమ్మ, నేను కాదు.

అసలు రాయడానికి కూర్చున్నది గిడ్డంగి సంగతి. మొన్నటి గాలివానకి పడమటి వైపు పెంకులు ఓ డెబ్బై లేచిపోయాయి. మీ బాబాయి వాటా వైపు ఒక్కటీ కదల్లేదు, అదీ దేవుడి న్యాయం. నిచ్చెన తెప్పించి నేనే ఎక్కబోతే మీ అమ్మ జగన్నాథపురం వీధంతా పోగేసింది. అయినా ఎక్కాను. పైనుంచి ఉప్పుటేరు, కట్టేసి ఉన్న బార్జీలు కనిపిస్తే మీ సింగపూరు నది గుర్తొచ్చింది. ఆ ఊరిదీ మన ఊరిదీ ఒకటే బతుకు కదా. ఓడ లోపలికి రాలేదు, సముద్రంలోనే లంగరేసుకుంటుంది. సరుకంతా చిన్న పడవల్లోకి దించి, ఏట్లోకి తెచ్చి, మనిషి భుజం మీద గిడ్డంగికి చేర్చాలి. నలభై ఏళ్ళు సరుకు లెక్క రాసే టాలీ పుస్తకం పట్టుకుని నేను చూసింది అదే.

పెద్దత్త ఫోన్ చేసింది. వాళ్ళ గోపీ స్నేహితుడెవరో మీ ఆఫీసు ఉన్న బిల్డింగులోనే పనిచేస్తాడట. నువ్వు రెండు నెలల్నుంచి కనిపించడం లేదన్నాడట. పెద్దత్త సంగతి నీకు తెలియంది కాదు, చీమ తుమ్మితే ఉప్పెన వచ్చిందంటుంది. నేను నమ్మలేదు. నిన్ను అడగడమూ లేదు. అందిన మాట అందినట్టు రాశాను.

సరే, గిడ్డంగి. సంక్రాంతికి వచ్చినప్పుడు తాళం తీయించుకుని లోపలంతా తిరిగి, "నాన్నా, దీన్ని మా నది ఒడ్డు పాత గిడ్డంగుల క్లార్క్ కీ లాగా చెయ్యొచ్చు, కాఫీ, పుస్తకాలు, సాయంత్రం పాటలు" అన్నావు. నేను కసిరాను. కసరడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ అన్న మాట తప్పు కాదు. ఎందుకో చెబుతాను, పూర్తిగా చదువు, మధ్యలో మడిచి పెట్టెయ్యకు.

నువ్వు మాకు చూపించిన ఆ రంగురంగుల గోడలు, గొడుగుల్లాంటి పందిళ్ళు, అవి ఊరికే రాలేదు. ఆ నది ఒడ్డున వ్యాపారం 1819 తర్వాత మొదలైంది. దక్షిణపు ఒడ్డు బురద నేలని మట్టితో పూడ్చి బోట్ కీ అనే రేవు కట్టారు. నది అక్కడ చేప పొట్టలా ఉబ్బి ఉంటుందని, అది శుభమని చైనా వర్తకులు అక్కడే దుకాణాలు పెట్టారు. 1860ల నాటికి ఊరి ఓడ వ్యాపారంలో ముప్పావు వంతు ఆ కాస్త ఒడ్డునే జరిగేది. మొదట్లో అక్కడ తొంకాంగులనే సరుకు పడవలు నడిపినవాళ్ళలో మన కోరమాండల్ తీరం చూలియాలు, అంటే తమిళ ముస్లిములు, చాలామంది. తర్వాత చైనా వాళ్ళ ట్వాకోలు వచ్చాయి. పడవ ముక్కుకి కళ్ళు గీసి ఉంటే మీ అమ్మ దిష్టికా అని అడిగింది, అవి. కావనా బ్రిడ్జి 1869లో కట్టారా, పోటు వస్తే దాని కింద పడవ పట్టేది కాదు, నీళ్ళు దిగేదాకా వరసలో ఆగడమే. ఆ బ్రిడ్జి మీద బోర్డు గుర్తుందా? మూడు హండ్రెడ్‌వెయిట్ దాటిన బండి, పశువులు, గుర్రాలు రాకూడదని. లెక్క కట్టాను. మన రెండు ధాన్యం బస్తాల బరువు.

గిడ్డంగి అనే మాట కూడా ఇక్కడి నుంచే అక్కడికి వెళ్ళిందంటారు. మలయాలో గుదాంగ్, ఇంగ్లీషులో గోడౌన్. చెట్టియార్లు అక్కడి మార్కెట్ స్ట్రీటులో పెట్టెలు వేసుకుని వడ్డీ వ్యాపారం చేసిన కొట్లని కిట్టంగి అనేవారు. తెలుగో తమిళమో పండితులు తేల్చుకుంటారు, మనకెందుకు.

నువ్వు ఆ రోజు రీడ్ బ్రిడ్జి దగ్గర ఫోన్ మాట్లాడడానికి పక్కకి వెళ్ళావు. ఇరవై నిమిషాలు. మీ అమ్మ, కంచు పిల్లలు నదిలోకి దూకుతున్న బొమ్మ చూసొచ్చి ఇంకా వాళ్ళ తల్లిదండ్రుల్ని తిడుతూనే ఉంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక చైనా పెద్దాయన, ఎనభై ఉంటాయి, బనీను, నిక్కరు, చేతిలో ప్లాస్టిక్ సంచిలో కాఫీ, దానికి దారం. నా వంక చూసి, ఎదుటి గోడల వంక చెయ్యి చూపించి "గుదాంగ్" అన్నాడు. నేను తలూపి "గిడ్డంగి" అన్నాను. ఆయన నవ్వాడు, పళ్ళు లేవు. తర్వాత కాఫీ కింద పెట్టి, లేచి, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి మెడ వెనక్కి పెట్టి, ఒక కాలు ముందుకేసి ఊగుతూ నాలుగడుగులు వేశాడు. బల్ల మీద నడక అది అమ్మడూ. పడవ నుంచి ఒడ్డుకి వేసిన పలక మీద బస్తాతో నడిచినవాడికి తప్ప ఎవడికీ రాదు. పలక ఊపుకి అడుగు కలపాలి, ఎదిరిస్తే నీళ్ళలో పడతాడు. నేనూ లేచి కుడి చెయ్యి వేళ్ళు వంచి కొక్కెం పట్టు చూపించాను. ఆయన నా బొటనవేలు పక్క మచ్చ పట్టుకుని చూశాడు. బస్తాకి ఒక వెదురు పుల్ల ఇచ్చేవారని సైగ చేశాడు, సాయంత్రం పుల్లలు లెక్కపెట్టి కూలి. నేను "లాభం, రెండు, మూడు" అని మన లెక్క చెప్పాను. ఏం అర్థమైందో, మళ్ళీ నవ్వాడు. గార్డు వచ్చి మా ఇద్దర్నీ అదోలా చూశాడు.

మీ అమ్మ తర్వాత అడిగింది, "టాలీ గుమాస్తాకి కొక్కెం పట్టు ఎలా తెలుసు?" అని. ఏదో చెప్పి తప్పించాను. నీకు చెబుతాను.

1978లో బీకాం ఆఖరి సంవత్సరం నేను తప్పాను. రెండు పేపర్లు. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పది రోజులు పొద్దున్నే టిఫిను కట్టించుకుని, కాలేజీకని వెళ్ళి వార్ఫు మీద కూర్చునేవాణ్ణి. తాతగారికి ఏ రోజు తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పదకొండో రోజు నేను కూర్చున్న చోటికే వచ్చారు. తిడతారనుకున్నాను. పంచె మడతలోంచి కొక్కెం తీసి నా చేతిలో పెట్టి, "మేస్త్రితో చెప్పాను, ముఠాలో కలువు" అన్నారు. మూడు నెలలు మోశాను. మొదటి వారం మెడ తిరగలేదు. గోనె రాసుకుని భుజం పుండు పడితే మీ నాయనమ్మ వెన్న రాసి ఏడ్చేది. ముఠాలో వాళ్ళు నన్ను "చిన్న దొరగారు" అని ఆటపట్టించినా, నీళ్ళలో పడిన రోజు ఇద్దరు దూకి తీశారు. ఆ రోజు పైకి లాగుతుంటే కొక్కెం గీసిన మచ్చే అది. అక్టోబరులో పరీక్ష మళ్ళీ రాశాను, పాసయ్యాను. ఆ పది రోజుల మాట తాతగారు పోయేదాకా ఎత్తలేదు. టిఫిను క్యారియరు మాత్రం ఆ రోజు ఆయనే మోసుకుని ఇంటికి తెచ్చారు.

ఇదెందుకు రాస్తున్నానో నాకే తెలియదు. గిడ్డంగి గురించి కదా మొదలుపెట్టింది.

నువ్వు మాట్లాడినంతసేపూ బ్రిడ్జి నీడలో గోడ వైపు తిరిగి నిలబడ్డావు. తిరిగొచ్చేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నావు, అప్పటికి ఎండ లేదు. మీ అమ్మకి నేను చెప్పలేదు.

ఇక నీ కాఫీ హోటలు సంగతి. పద్దు చూడు ముందు. ఆ నది మురిక్కాలవగా ఉన్న రోజుల్లో, 1977 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళ గడువు పెట్టాడు, ఈ నదుల్లో జనం చేపలు పట్టాలని. దానికీ కల్లాంగ్ నదికీ కలిపి 26,000 కుటుంబాల్ని వేరే ఇళ్ళకి మార్చారు. 610 పందుల దొడ్లు, 500 బాతుల దొడ్లు ఎత్తేశారు. ఐదువేల దాకా బళ్ళవాళ్ళని కట్టిన షెడ్లలోకి పంపారు, నువ్వు రోజూ తినే హాకర్ సెంటర్లు అలాంటివే. 1983లో ఎనిమిది వందల పడవల్ని పాసిర్ పంజాంగ్ తీరానికి తోలేశారు. అడుగు బురద తవ్విపోశారు. 1987కి నీళ్ళు తేరాయి. గోడలకి రంగులు ఆ తర్వాతి మాట. 1989లో పాత కట్టడాలు కూల్చకూడదని చట్టం, 1993లో క్లార్క్ కీ తెరవడం. అదీ నిలిచిందా? 2006లో మళ్ళీ మార్చారు, కోవిడ్ తర్వాత ఇంకోసారి మార్చారు. అంత డబ్బు, అంత ప్రభుత్వం, ఊరినిండా టూరిస్టులు ఉన్నచోటే ముప్పై ఏళ్ళలో మూడుసార్లు. మన ఉప్పుటేటి వాసన నీకు తెలుసు. పాటు తీసినప్పుడు ఆ ఒడ్డున కాఫీ తాగేదెవరు?

పైగా నీళ్ళు శుభ్రమైన నదిలో పడవలు లేవు. ఆ పెద్దాయన రోజూ అక్కడికొచ్చి కూర్చునేది కాఫీ చవకని కాదు, ఒడ్డున కాఫీ కొనుక్కోలేకే సంచిలో తెచ్చుకుంటున్నాడు. నిజానికి పడవల్ని ముంచింది శుభ్రత ఒక్కటే కాదనుకో. 1972లో అక్కడి తాంజోంగ్ పగార్ రేవుకి కంటైనర్ ఓడ వచ్చిన రోజే వాటి రోజులు దగ్గరపడ్డాయి. మనకి 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చినట్టు. తాతగారి గిడ్డంగికి అద్దె సగమైంది ఆ తర్వాతే.

చూశావా, ఉపన్యాసం వద్దనుకుంటూనే వేశాను. మీ అమ్మ పక్కనుంచి చదివి "పిల్లకి ఉత్తరమా, ఆడిట్ రిపోర్టా" అంటోంది.

నాకు నచ్చిందీ చెప్పాలి కదా. హేవ్‌లాక్ రోడ్డులో ఆ హోటలు, మూడు కొప్పుల కప్పు ఉన్నది. 1895 నాటి మసాలా గిడ్డంగి. మధ్యలో దొంగసారా కాచారు, ఎనభైల్లో డిస్కో పెట్టారు, 2017లో హోటలైంది. కప్పీల్లాంటి దీపాలు వేలాడదీశారు. నాకు కాఫీ ఖరీదు చూడగానే గొంతు పట్టేసింది గానీ గోడ మీద చెయ్యి వేస్తే మన గిడ్డంగి గోడలాగే చల్లగా ఉంది. అక్కడ అడుగున్నర మందం చూసి నువ్వు "నాన్నా, మనది ఇంకా మందం" అన్నావు. రెండడుగులు. మొన్న టేపు పెట్టి కొలిచాను.

నిన్న కొత్తగా ఒక బిల్డరు వచ్చాడు, మీ బాబాయి వెంటబెట్టుకొచ్చాడు. అపార్టుమెంట్లు కడతాడట, నాలుగు ఫ్లాట్లు మనకట. మీ బాబాయి సంతకానికి సిద్ధంగా ఉన్నాడు. నేను మా అమ్మాయిని అడగాలన్నాను. అక్కడ కూర్చుని ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు, వాళ్ళ ముందు తల తీసేసినట్టయింది. పోనీలే.

పెంకులు కొన్నాను, నాలుగు వందలు. డెబ్బై పోతే నాలుగు వందలెందుకని అడక్కు, మళ్ళీ ఆ సైజు దొరకవు. తాళానికి నూనె వేయించాను. లోపల కరెంటు తీగలు ఎలుకలు కొరికేశాయి, మార్చడానికి ఎంతవుతుందో మన అప్పారావుని లెక్క వేయమన్నాను, ఊరికే, తెలుసుకుందామని. నీ పైగది కిటికీకి దోమల వల కూడా వేయించాం, పాతది చిరిగింది.

పొద్దున్న ఏమీ తినకుండా బయటికి పోకు. ఎక్కడికి పోయినా సరే. గొడుగు మర్చిపోకు, అక్కడ వాన చెప్పి రాదు. అద్దెకేమైనా ఇబ్బందైతే నా ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి వచ్చే నెల తీరుతోంది, దాన్ని ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

వచ్చే ఆదివారం మీకు తొమ్మిదిన్నర అయితే మాకు ఏడు. మీ అమ్మ గుడికి వెళ్ళి ఎనిమిదికి గానీ రాదు. ఫోను ఛార్జింగు పెట్టి దగ్గర ఉంచుకుంటాను.

కుక్కరు గాస్కెట్టు కాజాల కవరు అడుగున పెట్టాను, చూడకుండా పారెయ్యకు.

మీ నాన్న