నొప్పి పైకెక్కింది మావా!

ఒరేయ్ మావా,

రెండు నెలలైనా జవాబు రాయలేదని కోపం పెట్టుకోకు. ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చుంటే కాలు లాగేస్తోంది, ఏం రాయను? ఇది కూడా వంటింటి గట్టు మీద కాగితం పెట్టి, నిలబడి రాస్తున్నాను. అమ్మ బాగుంది. చిన్నదాని పరీక్షలు అయిపోయాయి. మిగతావి తర్వాత.

నిన్న పొద్దున విశాఖ బీచ్ రోడ్డులో నడిచాను! నడుంలో డిస్క్ జారాక ఇదే మొదటిసారి. ఎల్‌4-ఎల్‌5, అంటే నడుం నాలుగో, ఐదో ఎముకల మధ్యది అని చెప్పానుగా, ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టుండేది. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఫిజియో మేడమ్ నేర్పినవి చేస్తున్నాను. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం, చేతులూ మోకాళ్ళ మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాపడం. నిద్ర లేచిన గంట దాకా నడుం వంచొద్దంది. రాత్రంతా డిస్క్ నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటుందట.

సరే, కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టాను. ఆ వేళకి బండ్లు రానివ్వరుగా, రోడ్డంతా మనదే. కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గరికొచ్చేసరికి నడుం మధ్యలో పట్టేసింది. పిట్టగోడ పట్టుకుని నిలబడిపోయాను. చెమటలు పట్టేశాయి. అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది, ఇక ఆపరేషనే అనుకున్నాను. ఏడుపొచ్చింది మావా, నీకు కాబట్టి చెప్తున్నాను.

అక్కణ్ణుంచే మేడమ్‌కి ఫోన్ చేశాను. "కాల్లో ఎలా ఉంది?" అంది. అప్పుడు చూసుకున్నాను. పిక్కలో ఏమీ లేదు! పాదంలో తిమ్మిరి లేదు! "అయితే మంచిదేనండీ. కాల్లో నొప్పి తగ్గి నడుంలోకి వస్తే నరం కుదుటపడుతున్నట్టే. కిందికి దిగితే మాత్రం ఆపేయండి, కాలు బలం తగ్గినా మూత్రం పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి" అంది. నొప్పి పైకెక్కితే సంతోషపడాలని ఎవరికి తెలుసురా!

తిరిగి గుడి దాకా మెల్లగా నడిచాను. మధ్యలో మన బెంచీ మీద ఎవరో కూర్చున్నారు, పోనీలే.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు ఈసారి నావల్ల కాదు. అది తలుచుకుంటే దిగులుగానే ఉంది. నువ్వు మాత్రం రా. కొండ కింద తొలిపావంచా, అదే మొదటి మెట్టు దగ్గర నా కొబ్బరికాయ కూడా నువ్వే కొట్టు, పోయినసారిలా మూడో దెబ్బకి కాదు! వచ్చే ఏడాదికి నేను... అదిగో కింద ఆటో హారన్ కొడుతున్నాడు, క్లినిక్ టైమయింది. ఆ పసుపు చెప్పుల సంగతి మళ్ళీ రాస్తాను.

నీ
మావ