ఆ రాత్రి మా అడ్డరోడ్డులో తలుపులు తీసిన అందరికీ

నేను గుంటూరు మిర్చియార్డు దగ్గర ఒక కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాను. సీజన్లో బ్రాడీపేటలో ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. పోయిన నెలలో ఒక రాత్రి నాకేం జరిగిందో మా లైనులో అందరికీ తెలుసు. కుట్లు పడింది కుడిచేతికి, అందుకే ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఇప్పుడు వేళ్లు బాగానే ఆడుతున్నాయి.

బండి మీద ఇద్దరొచ్చారు. ఒకడు దిగి అడ్రసు అడుగుతున్నట్టు చీటీ చూపించాడు. రెండో చేతిలో కత్తి కనపడేసరికే నా మెడ మీద చెయ్యి పడింది. ఇచ్చెయ్యాలని నాకు తెలుసు. కానీ అది పుస్తెలతాడు. ఆయన పోయి నాలుగేళ్లయినా, ఎవరేమన్నా నేను తియ్యని తాడు. నా చెయ్యి దానంతటదే వెళ్లి పట్టుకుంది. వాడు ముంజేతి మీద కోశాడు. నొప్పి తెలియలేదు, వేడిగా ఏదో కారుతోందని మాత్రం తెలిసింది.

అప్పుడు వచ్చింది కేక. "అక్కా!" అని అరిచాను, మూల మీద టిఫిన్ బండి అక్క కనపడింది కాబట్టి.

అక్కా, నువ్వు అట్లకాడ తీసుకుని పెనం మీద దబదబా బాదావు చూడు, ఆ మోత నాకింకా చెవుల్లో ఉంది. మేడ మీద హాస్టల్ పిల్లలు లైట్లన్నీ వేశారు. ఎదురింటి మాస్టారు గేటు తీసుకుని "ఎవడ్రా అది" అంటూ బయటికొచ్చారు. క్షణంలో సందంతా వెలుగు. అయినా వాడు రెండోసారి కత్తి ఎత్తాడు. నువ్వప్పటికే దగ్గరికొచ్చి వాడి మణికట్టు మీద ఒక్కటిచ్చావు. కత్తి కింద పడింది, వాళ్లు బండెక్కి పారిపోయారు. కుర్రాళ్లు వెంటపడబోతే "పోతే పోనీండ్రా, ముందీమెను చూడండి" అని ఆపావు.

ఎవరో కాఫీపొడి డబ్బా తెచ్చారు. మంచికే తెచ్చారు, మనిళ్లలో అదే అలవాటు. నర్సింగ్ చదివే హాస్టల్ అమ్మాయి "గాయంలో ఏమీ వెయ్యకండి" అని, ఉతికిన తువ్వాలు మడిచి రెండు చేతులతో గట్టిగా అదిమింది. నా చెయ్యి గుండెకంటే పైకి ఎత్తించింది. తువ్వాలు తడిసిపోతే అది తియ్యకుండా దాని మీదే ఇంకొకటి వేసి అదిమింది. నన్ను పడుకోబెట్టి "ఆంటీ, నాతో మాట్లాడుతూ ఉండండి" అంటూనే ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో ఆ పిల్లకి! తల్లీ, నీ చేతులు చల్లగుండాలి.

మాస్టారు 112కి ఫోన్ చేసి, ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు, బండి రంగు, ఎటు వెళ్లారు అన్నీ వరసగా చెప్పారు. కింద పడ్డ కత్తిని ఎవరినీ తాకనివ్వకుండా ప్లాస్టిక్ బేసిన్ బోర్లించి పక్కనే నిలబడ్డారు.

దగ్గర్లో ఒక నర్సింగ్ హోములో "ఇది పోలీసు కేసు, మేం ముట్టుకోం" అన్నారు. ఆటో అన్నయ్య ఒక్క మాట కూడా వాదించకుండా బండి తిప్పి పెద్దాసుపత్రికి చేర్చాడు. సీటంతా రక్తం, డబ్బులు మాత్రం తీసుకోలేదు. అక్కడ డ్యూటీ డాక్టరు గారు ముందు కుట్లు వేసి, తర్వాతే కాగితాలు రాశారు. ప్రాణం ముందు, పోలీసు కాగితాలు తర్వాత అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పిచ్చిందని తర్వాత మాస్టారు చెప్పారు. నర్సింగ్ హోముల వాళ్లకి ఇది తెలియకపోవడమేంటని నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

పదకొండు కుట్లు. బొటనవేలితో ఒక్కో వేలినీ తాకించి చూసి "నరం తెగలేదమ్మా" అన్నప్పుడు ఏడ్చేశాను.

మర్నాడు సాక్ష్యానికి రమ్మంటే అక్క భయపడింది. "నేను కొట్టాను కదమ్మా, నా మీదా కేసవుతుందా?" అని. ఎస్ఐ అమ్మగారు అక్కని కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. ఆత్మరక్షణ కోసం చేసింది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ చెబుతుందట. మన ఒంటినే కాదు, పక్కవాళ్ల ఒంటిని కాపాడటానికీ ఆ హక్కు ఉందని 35వ సెక్షన్. దాడిని ఆపడానికి ఎంత అవసరమో అంతవరకే, పడిపోయినవాణ్ణి ఇంకా కొడితే అది వేరే సంగతి అన్నారు. అక్క కొట్టింది ఒక్క దెబ్బ, అదీ కత్తి ఎత్తిన చేతి మీద. ఆ మాట విన్నాకే అక్క సంతకం పెట్టింది. అమ్మగారూ, నన్ను మీరు "ఎందుకు పట్టుకున్నావు" అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఈసారి ఎవరైనా లాగితే గొలుసు ఒకవైపు విసిరేసి, నువ్వు వెలుతురున్న వైపు పరిగెత్తు" అని మాత్రం చెప్పారు. ఆ వేళప్పుడు ఒంటరిగా ఎందుకొచ్చావని మా చుట్టాలు చాలామందే అడిగారు. ఉద్యోగం చేసుకుని ఇంటికొస్తున్నాను, ఇంకెందుకు!

తాడు సగం పోయింది. పుస్తెలు రెండూ హాస్టల్ పిల్లలు ఫోను లైట్లు పట్టుకుని అర్ధరాత్రి దాకా సైడు కాలవలో వెతికి తెచ్చిచ్చారు. కడిగి, పసుపు రాసి, కాగితంలో పొట్లం కట్టి మరీ ఇచ్చారు.

అక్కా, నీ అట్లకాడ వంగిపోయిందని విన్నాను. ఆదివారం సాయంత్రం కొత్తది తీసుకుని బండి దగ్గరికి వస్తున్నాను. వద్దనకు.