అరవై రోజులు ఎప్పటికి పూర్తవుతాయి, మంత్రిగారూ?

నేపాల్ న్యాయశాఖ మంత్రి గారికి,

హైదరాబాద్ నుంచి నమస్కారాలు.

మీ శాఖకు ఇది నా ఆరో ఉత్తరం. మొదటి మూడూ ఇంగ్లీషులో రాశాను. తర్వాతి రెండూ తెలిసినవాళ్ల చేత నేపాలీలో రాయించాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఏ భాషలో రాసినా చదవరని తేలిపోయింది కాబట్టి ఈసారి నాకు బాగా వచ్చిన తెలుగులోనే రాస్తున్నాను. మీకు కొత్తగా వచ్చే ఇబ్బంది ఏమీ లేదు, నాకు మాత్రం కాస్త సుఖం.

నేను లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. అంకెలు పట్టుకుని వేలాడే అలవాటు ఇంకా పోలేదు. మీ ప్రభుత్వానికీ మావోయిస్టులకూ మధ్య పదేళ్ల యుద్ధాన్ని ముగిస్తూ 2006 నవంబరు 21న ప్రధాని గిరిజాప్రసాద్ కొయిరాలా గారు, మావోయిస్టుల నాయకుడు ప్రచండ గారు సంతకాలు పెట్టిన సమగ్ర శాంతి ఒప్పందంలో 5.2.3 అనే నిబంధన ఉంది. రెండు పక్షాల చేతుల్లో చనిపోయినవాళ్ల, మాయమైనవాళ్ల పేర్లు, ఇంటిపేర్లు, చిరునామాలు అరవై రోజుల్లో బయటపెట్టి కుటుంబాలకు తెలియజేస్తామన్నారు. అంటే 2007 జనవరి 20కల్లా. అలాంటి అరవై రోజులు ఇప్పటికి నూట పదిహేను సార్లకు పైగా గడిచిపోయాయి. 'అరవై ఏళ్లు' అనబోయి 'అరవై రోజులు' అని రాశారేమోనని కూడా ఆలోచించాను. అదే నిజమైతే మీకింకా నలభై ఏళ్ల గడువుంది, తొందరపెట్టినందుకు మన్నించండి.

మా దేశం సంగతి నీకెందుకు అంటారేమో. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది బర్దియా జిల్లా. ఇక్కడ అందరూ అతన్ని గూర్ఖా అంటారు. అతను గూర్ఖా కాదు, మైదానాల్లో ఉండే థారూ తెగవాడు. రోజూ గేటు తీసే మనిషి గురించి ఆ మాత్రం తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది, ఆ సిగ్గు నాకూ ఉంది. 2002లో, ఎమర్జెన్సీ రోజుల్లో, నాట్లు వేస్తున్న అతని అన్నను సైనికులు వచ్చి తీసుకెళ్లారు. రెండు మాటలు అడిగి పంపిస్తామన్నారట. కాళ్ల బురద కడుక్కోనివ్వలేదని చెబుతాడు. ఎప్పుడు చెప్పినా, ఇంకేది మరిచినా, ఆ బురద మాట మాత్రం వదలడు.

అన్నకు ఉన్నది ఒకే ఫోటో, నాగరికతా పత్రం, అంటే పౌరసత్వ పత్రం, మీద అంటించినది. అసలు పత్రం వదిన పెట్టెలో ఉంది, ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. ఇక్కడున్నది జిరాక్సు. ప్రతి అర్జీకీ దాన్నే మళ్లీ జిరాక్సు తీయిస్తూ వచ్చాం. 'ఈసారి కొంచెం లేతగా తీస్తాను అంకుల్' అంటాడు మా వీధి చివరి షాపు కుర్రవాడు. లేతగా తీస్తే ముఖం తెల్లబోతుంది, మామూలుగా తీస్తే నల్లటి మచ్చ. కిందటి కాపీలో ఎడమ చెవి, చొక్కా కాలరు మాత్రమే మిగిలాయి. అయిదో ఉత్తరానికి జతచేసింది అదే. దాన్ని చూసి మనిషిని గుర్తుపట్టమని మిమ్మల్ని అడగను. మీ సైనికులు తీసుకెళ్లిన రోజున అతనికి ముఖం ఉంది.

వదిన ఇప్పటికీ సిందూరం పెట్టుకుంటుంది. సహాయధనం కోసం ఒక కార్యాలయానికి వెళితే, 'చనిపోయాడని రాసివ్వు, పని తొందరగా అవుతుంది' అన్నారట. ఆమె రాసివ్వలేదు. తీసుకెళ్లినవాళ్లు చెప్పాల్సిన మాట నా చేత ఎందుకు చెప్పిస్తారు అని అడిగిందట. ఆమె చదువుకోలేదు మంత్రిగారూ. ఈ మాయమైనవాళ్ల విచారణకు సంబంధించిన మీ చట్టాన్ని 2024లో సవరించినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. వాళ్లలో ఎవరి దగ్గరైనా దీనికి జవాబు ఉంటే పంపండి. పొలం ఇంకా అన్న పేరునే ఉంది. అమ్ముదామంటే అతని సంతకమైనా కావాలి, మరణ పత్రమైనా కావాలి. ఆ ఇంట్లో రెండూ లేవు.

మీరు ఏమీ చెయ్యలేదని అనను. 2007 జూన్‌లో మీ సుప్రీంకోర్టు విచారణ సంఘం వెయ్యమంది. 2015లో రెండు వేశారు, మాయమైనవాళ్ల కోసం ఒకటి, సత్యనిరూపణకు ఒకటి. ఎనిమిదేళ్లే కదా. 2016లో ఫిర్యాదులు ఇమ్మన్నారు. మా వాచ్‌మన్ సెలవు పెట్టి, లక్నో దాకా రైలు, రుపైడిహా దాకా బస్సు, సరిహద్దు దాటి నేపాల్‌గంజ్, అక్కడి నుంచి జిల్లా కేంద్రం గులరియా వెళ్లి స్థానిక శాంతి కమిటీలో కాగితం ఇచ్చి వచ్చాడు. మాయమైనవాళ్ల సంఘానికి అలాంటివి మూడు వేలకు పైగా, సత్యనిరూపణ సంఘానికి అరవై మూడు వేలకు పైగా అందాయి. ఆ తర్వాత 2018లో శాంతి మంత్రిత్వ శాఖే రద్దయింది. 2022 జులై నుంచి 2025 మే దాకా సంఘాల్లో సభ్యులే లేరు. కుర్చీలున్నాయి, కాగితాలున్నాయి, మధ్యలో మనిషి లేడు. ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రచండ గారే 2008లో, 2016లో, 2022లో ప్రధాని అయ్యారు. తన సంతకం తానే మూడుసార్లు గుర్తుపట్టకపోవడం మామూలు విషయం కాదు.

పర్యవేక్షణకు ఐక్యరాజ్యసమితి మిషన్ వచ్చింది, బాగానే లెక్కపెట్టింది. శిబిరాల్లో 19,602 మంది మావోయిస్టు యోధులని తేల్చింది. దాదాపు మూడున్నర వేల ఆయుధాలకు నెంబర్లు వేసి కంటైనర్లలో పెట్టి తాళం వేసింది. 2011 జనవరిలో వెళ్లిపోయింది. ఒక్కో తుపాకీకీ ఒక నెంబరు, ఒక చోటు ఉన్నాయి. బర్దియా రైతుకు లేవు. అదే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2008 డిసెంబరులో ఒక్క బర్దియా మీదే నివేదిక ఇచ్చింది. భద్రతా దళాలు మాయం చేసినవాళ్లు 156 మంది, మావోయిస్టులు మాయం చేసినవాళ్లు 14 మంది అని నమోదు చేసింది. ఎక్కువమంది థారూలే. రెండు వైపులా దోషులున్నారు కాబట్టే రెండు వైపులా ఇంత ఐకమత్యం.

మీ ఒప్పందం వార్త చదివిన రోజు నాకు అసూయ కలిగింది. 2004 అక్టోబరులో ఇక్కడ మంజీరా అతిథి గృహంలో మా ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చున్నారు. మూడు నెలలు తిరిగేసరికి, 2005 జనవరికల్లా అంతా ముగిసింది. మాకు ఒప్పందమే దక్కలేదు, మీకు దక్కిందనుకున్నాను. ఇప్పుడు ఏది నయమో తేల్చుకోలేకుండా ఉన్నాను.

2025 సెప్టెంబరులో, యువకుల ఆందోళనల్లో, మీ ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బారు, సుప్రీంకోర్టు తగలబడుతుంటే మా వాచ్‌మన్ ఫోనులో ఆ వీడియో చూస్తూ ఒకటే అడిగాడు: 'మాస్టారూ, మా కాగితం ఎక్కడుంది?' నాకు తెలియదన్నాను. మీకు తెలుసా?

నేను అడిగేది పెద్దది కాదు. నష్టపరిహారం తర్వాత, శిక్షలు కూడా తర్వాత, అవి అడగాల్సినవాళ్లు అక్కడ అడుగుతూనే ఉన్నారు. ముందు పేర్లు చెప్పండి. అతన్ని ఎక్కడికి తీసుకెళ్లారో చెప్పండి. బతికి లేకపోతే ఎక్కడ పూడ్చారో చెప్పండి. అదీ కుదరకపోతే, కుదరదని ఒక్క ముక్క రాసి సంతకం చేసి పంపండి. ఆ సంతకం విలువ ఎంతో మాకు తెలుసు, అయినా పంపండి.

2016లో ఇచ్చిన రసీదు అతని దగ్గర భద్రంగానే ఉంది. కార్బన్ కాపీ కావడంతో నెంబరులో చివరి రెండు అంకెలు చెరిగిపోతున్నాయి. అది పూర్తిగా పోయేలోపు ఎక్కడికి తెచ్చి ఎవరికి చూపించాలో చెప్పగలరా? ఈసారి సెలవు పెట్టినప్పుడు నేనూ అతని వెంట వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
హైదరాబాద్