ప్రేమగల దేవుడు శిక్షిస్తాడా? 8, 9 తరగతుల బైబిలు పాఠాల గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు,

వందనాలు, నమస్కారాలు.

ఈ టర్మ్‌లో 8, 9 తరగతుల బైబిలు పీరియడ్లను ఒకే ప్రశ్నకు కేటాయించాం. దేవుడు ప్రేమామయుడైతే శిక్ష ఎందుకు? న్యాయవంతుడైతే తప్పు చేసినవాణ్ణి క్షమించి వదిలేయడం ఎలా? పిల్లలు ఇదే ప్రశ్న అన్నాల దగ్గర మిమ్మల్నీ అడుగుతారు. బడిలో ఒక మాట, ఇంట్లో ఒక మాట కాకూడదని ఈ ఉత్తరం.

ముందుగా, మనందరి నోటా అలవాటుగా వచ్చే మాట ఒకటుంది: "అబద్ధమాడితే కళ్లు పోతాయి." యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి, ఇది ఎవరి పాపం, వీడిదా, కన్నవాళ్లదా అని అడిగారు. ఎవరిదీ కాదని యేసుప్రభువు తేల్చి చెప్పారు. చూపు సరిగా లేని పిల్లలు మన తరగతుల్లోనూ ఉంటారు. ఆ బెదిరింపు మానేద్దాం.

రెండో పొరపాటు చర్చిల్లోనూ వినిపిస్తుంది. పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు దయామయుడు అన్నట్టు మాట్లాడతారు. 2వ శతాబ్దంలో రోములో మార్సియన్ అనే బోధకుడు ఇద్దరు వేర్వేరు దేవుళ్లున్నారనే బోధించాడు. 144 ప్రాంతంలో అక్కడి సంఘం అతణ్ణి వెలివేసింది. నిర్గమకాండము 34:6, 7 చదివితే చాలు: కనికరం, దీర్ఘశాంతం, దోషిని నిర్దోషిగా ఎంచకపోవడం, అన్నీ ఒక్క ఊపిరిలో వస్తాయి. నీనెవె పట్టణాన్ని దేవుడు క్షమించాడని యోనా ప్రవక్త అలిగినప్పుడు ఎత్తిపొడిచింది ఆ కనికరాన్నే (యోనా 4:2). అటు మత్తయి 23లో యేసుప్రభువు మాటలు ఎంత కటువుగా ఉన్నాయో చూడండి. సగం ప్రేమ, సగం న్యాయం అని తూకం వేసే పద్ధతి బైబిల్లో లేదు.

మా పాఠాలకు ఆయువుపట్టు జక్కయ్య కథ (లూకా 19:1-10). సండే స్కూల్లో మేడిచెట్టు ఎక్కిన పొట్టివాడిగానే ఆగిపోతుంది, అసలు సంగతి ఆ తర్వాత ఉంది. అతను యెరికోలో సుంకపు గుత్తదారుడు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లకు పెద్ద. ప్రభువు అతని ఇంటికి ముందే వెళ్లారు, ఏ షరతూ పెట్టలేదు. ఊరంతా సణిగింది. అప్పుడు జక్కయ్య లేచి, ఆస్తిలో సగం బీదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తాను అన్నాడు.

ఆ లెక్కను పిల్లల చేత బోర్డు మీద వేయిస్తాం. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు తానే ఒప్పుకున్నవాడు అసలు, దానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలి: 100కి 120. గొర్రెను దొంగిలించి చంపినా అమ్మినా నాలుగింతలు (నిర్గమ 22:1): 100కి 400. ఒప్పుకున్నవాడికి 120 సరిపోతుంది. జక్కయ్య దొంగకు పడే 400 తన మీద వేసుకున్నాడు, ఎవరూ బలవంతం చేయకుండానే. వరస తలకిందులైతే పాఠమే మారిపోతుంది. డబ్బు తిరిగిచ్చాడు కాబట్టి ప్రభువు ప్రేమించారు అని రాస్తే ఆ జవాబు తప్పు. అలాగని, ప్రేమ దొరికింది కదా, ఇక ఇవ్వనక్కర్లేదు అన్నా తప్పే.

మరి తీర్చలేని అప్పు మాటేమిటి? మత్తయి 18లో యేసుప్రభువు చెప్పిన ఉపమానంలో ఒక దాసుడు రాజుకు పడ్డ బాకీ పదివేల తలాంతులు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. మొత్తం 6 కోట్ల రోజుల కూలి! రాజు ఆ అప్పు రద్దు చేస్తే ఆ నష్టం గాలిలో కలిసిపోదు, రాజే భరిస్తాడు. సిలువ గురించి రోమా 3:26 చెప్పేది ఇదే: దేవుడు నీతిని పక్కన పెట్టకుండానే పాపిని నీతిమంతుడుగా తీర్చాడు. కోపంతో ఉన్న తండ్రిని కుమారుడు అడ్డుకున్నాడని మాత్రం చెప్పకండి. లోకాన్ని సమాధానపరచింది క్రీస్తులో ఉన్న దేవుడే (2 కొరింథీ 5:19). సిలువ ఎలా పనిచేస్తుందన్న విషయంలో మధ్యయుగపు వేదాంతులు ఆన్సెల్మ్ ఒక తీరుగా, అబెలార్డ్ మరో తీరుగా, ప్రొటెస్టెంట్ సంస్కర్తలు ఇంకో తీరుగా వివరించారు. మన పిల్లలు సీఎస్ఐ, కథోలిక, లూథరన్, బాప్టిస్ట్, పెంతెకొస్తు ఇళ్ల నుంచి వస్తారు కాబట్టి ఆ చర్చ మీ సంఘ కాపరికే వదిలేశాం.

ఇంట్లో పిల్ల తప్పు ఒప్పుకుంటే "పోనీలే" అని కొట్టిపారేయకండి. "తప్పే. క్షమించాను. ఇప్పుడు ఎలా సరిచేద్దాం?" అనండి. లైబ్రరీ పుస్తకం చింపినవాళ్లు లంచ్ టైంలో కూర్చుని గమ్, బట్ట పట్టీతో తామే అతుకుతారు. మీరు జరిమానా కట్టేస్తే ఆ పాఠం మీకు పడుతుంది, వాళ్లకు పడదు. "రెండు తగిలించండి టీచర్" అనేవారికి మా జవాబు: దెబ్బలు వేసినా చిరిగిన పేజీ చిరిగినట్టే ఉంటుంది.

ఇంకోటి చాలా ముఖ్యం. పెద్దవాళ్లెవరైనా పిల్లకు హాని చేస్తే, వాళ్లు బంధువైనా, చర్చి పెద్దైనా, "క్షమించాలమ్మా" అని నోరు మూయించకండి. అలా చేస్తే క్షమాపణ పేరుతో నేరాన్ని దాచినట్టే. వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, మాకూ చెప్పండి.

బైబిలు పీరియడ్‌కు మీ అంగీకార పత్రం తప్పనిసరి, రాజ్యాంగం 28(3) అధికరణ చెప్పేదీ అదే. ఇవ్వని పిల్లలకు ఆ సమయంలో మోరల్ సైన్స్ ఉంటుంది, మార్కుల్లో తేడా ఉండదు. సంతకం చేసిన పత్రాన్ని నెలాఖరులోపు క్లాస్ టీచరుకు పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు