హత్య వార్తలు సినీ ఫక్కీలో వద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

జిల్లా పేజీల్లో హత్య వార్త పడిన ప్రతిసారీ 'సినీ ఫక్కీలో హత్య', 'వీడిన మిస్టరీ', 'అసలు హంతకుడు ఎవరంటే' వంటి హెడ్డింగులు చూస్తున్నాను. యూట్యూబ్ చానళ్లయితే దానికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా కలిపి వదులుతున్నాయి. మర్డర్ మిస్టరీ సినిమాలంటే నేను చెవి కోసుకుంటాను. వకీలు గుమాస్తాగా నల్లగొండ కోర్టు మెట్లెక్కి దిగినవాణ్ణి కూడా. అటు సినిమా, ఇటు కోర్టు రెండూ కొంత తెలుసు కనుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. సస్పెన్స్ సినిమాకు సొంత కట్టుబాట్లున్నాయి. తెర మీద అవి ముచ్చటగా ఉంటాయి. చావు జరిగిన ఇంటి మీద అవే రుద్దితే బతికున్నవాళ్లకు అన్యాయం జరుగుతుంది.

ఆ కట్టుబాట్లు నిన్నమొన్న పుట్టినవి కావు. డిటెక్టివ్ కథకు మొదలు 1841లో ఎడ్గార్ అలన్ పో రాసిన కథ అంటారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండు మతగురువు, ఆయన కూడా డిటెక్టివ్ నవలలు రాసేవాడే, ఈ రకం రచయితలకు పది నియమాలు పెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే పాఠకుడి కంట పడాలి. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికి చూపకుండా దాచకూడదు. దయ్యాల మీదికి నెట్టకూడదు. లోకంలో ఎవరికీ తెలియని విషం వాడకూడదు. ముందు ఎక్కడా సూచించకుండా చివర్లో కవల సోదరుణ్ణి దించకూడదు. చదివేవాణ్ణి ఏమార్చవచ్చు గానీ అన్యాయంగా ఏమార్చకూడదన్నది ఆ పది నియమాల సారం. అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు తెచ్చుకొని రాత్రికి రాత్రే ముగించిన మా తరానికి నాక్స్ పేరు తెలియదు, ఆ పద్ధతి మాత్రం తెలుసు.

సినిమా వచ్చి దానికి కెమెరాను జోడించింది. గోడ మీది గడియారం మీద కెమెరా కాస్త ఎక్కువసేపు నిలిచిందంటే అక్కడేదో ఉందని మనకు అర్థమైపోతుంది. శవం చుట్టూ అందరూ ఏడుస్తుంటే ఏడవని మొఖం ఒక్కటి చూపిస్తారు, మన అనుమానం అటు పోతుంది. ఇంటర్వెల్‌కు ముందే పోలీసులకు చిక్కినవాడు హంతకుడు కాడని హాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే మనం కాఫీ తెచ్చిచ్చే పనిమనిషినో, అందరికీ సాయం చేసే డాక్టరునో ఓ కంట కనిపెడుతుంటాం. 1985లో వంశీ గారి 'అన్వేషణ' వచ్చినప్పుడు అడవిలో జరిగే చావులకు పులి కారణమా, మనిషి కారణమా అని హాల్లో ఒకరినొకరు అడుక్కున్నవాళ్లం. ఇదంతా దర్శకుడికీ ప్రేక్షకుడికీ నడుమ ఒప్పందం. టికెట్టు కొనుక్కొని, ఇష్టపడి మోసపోతాం. అందులో ఎవరికీ నష్టం లేదు.

ఈ కట్టుబాట్లన్నింటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది అనుమానం మళ్లించడానికి పెట్టే పాత్ర. మిస్టరీ నడవాలంటే ఒక్క హంతకుడు సరిపోడు, అనుమానించదగ్గ మనుషులు నలుగురైదుగురు కావాలి. ఒకరికి ఆస్తి తగాదా, ఒకరికి అప్పు, ఇంకొకరికి పాత పగ. అసలు మనిషి దొరికాక వీళ్ల పని అయిపోతుంది. హాలు బయటికి వచ్చాక వాళ్లేమయ్యారని ఎవరూ అడగరు. ఊళ్లో అట్లా కాదు. మా వాడలో ఒక టైలర్ ఉన్నాడు. హత్యకు గురైన ఒకాయనకు చీటీ డబ్బులు బాకీ ఉన్నాడని ఠాణాకు పిలిచి, అడగాల్సింది అడిగి, సాయంత్రానికి పంపించేశారు. తెల్లారి ఒక పత్రిక జిల్లా పేజీలో ఆయన పేరు, షాపు పేరుతో సహా వచ్చింది. పైన 'కేసులో కొత్త మలుపు' అని హెడ్డింగు. తర్వాత పోలీసులు వేరే మనిషిని అరెస్టు చేశారు. ఈయనకు సంబంధం లేదని మాత్రం ఒక్క లైను కూడా రాలేదు. బతుకమ్మ ముందర ఆ షాపులో మెషిను చప్పుడు అర్ధరాత్రి దాకా వినబడేది. ఆ ఏడు మాత్రం, అంతకుముందే ఇచ్చిపోయిన జాకెట్ గుడ్డలు కూడా కత్తెర పడకముందే వెనక్కి తీసుకుపోయారు. "పేపర్ల పడ్డది గదా" అన్నారట. ఆయన ఇంటామె గడపలో నిలబడి ఒక్కొక్కరికీ గుడ్డలు లెక్కపెట్టి ఇవ్వడం నేను చూశాను.

ఏడవని మొఖం సంగతీ అంతే. మొగుడు పోయిన ఆడమనిషి ఒక్కోసారి కన్నీళ్లు రాక గుడ్లప్పగించి కూర్చుంటుంది. చావులు చూసిన ప్రతి ఊరికీ ఇది తెలుసు. ఇప్పుడు ఆమెను ఫోనులో వీడియో తీసి 'ఈమె ప్రవర్తనపై అనుమానాలు' అని పెడుతున్నారు. దర్శకుడు ఆ మొఖాన్ని కావాలని చూపించాడు. ఈమెను ఎవరు చూపిస్తున్నారు, ఏ అధికారంతో?

ఇక ఆఖరి రీలు. సినిమాలో డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, జరిగిందంతా విడమరిచి చెబుతాడు, హంతకుడు ఒప్పుకుంటాడు, శుభం కార్డు పడుతుంది. మన పత్రికల్లో ఆ గది స్థానంలో పోలీసుల ప్రెస్‌మీట్ వచ్చింది. ముసుగు తొడిగిన నిందితుణ్ణి వెనక నిలబెట్టి అధికారి కథ చెబుతారు. మరునాడు 'నేరం ఒప్పుకున్న నిందితుడు' అని వస్తుంది, పాఠకుడి మనసులో కేసు అక్కడితో ముగుస్తుంది. చట్టం ప్రకారం అది మొదలు మాత్రమే. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ చెప్పింది అదే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ చెబుతున్నదీ అదే. నిందితుడు చెప్పిన మాటను బట్టి కత్తో, సెల్‌ఫోనో దొరికితే ఆ మేరకే ఆ మాట పనికొస్తుంది. నార్కో పరీక్ష అనగానే నిజం బయటపడుతుందని సినిమా నేర్పింది. మనిషి ఇష్టం లేకుండా ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. పోలీసులు మీడియాకు ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నదానిపై మార్గదర్శకాలు తయారు చేయాలని 2023 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖను ఆదేశించింది కూడా సుప్రీంకోర్టే.

చదివేవాళ్లకు ఉత్కంఠ కావాలని మీరు అనవచ్చు. నేనూ ఆ వార్తలు ముందు తిప్పి చదివేవాణ్ణే. కానీ నిజమైన దర్యాప్తులోనే కావలసినంత ఆసక్తి ఉంది, దాన్ని ఎవరూ రాయడం లేదు. అనుమానాస్పద మృతి అనగానే స్థానికులు ఇద్దరో ముగ్గురో పెద్దమనుషుల ముందు పంచనామా ఎట్లా రాస్తారు, ఒంటి మీది దెబ్బలను ఏ వరుసలో నమోదు చేస్తారు? లోపలి అవయవాల నమూనాలు హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబుకు పోయి రిపోర్టు వచ్చేదాకా కేసు ఎందుకు ఆగుతుంది? ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, అదంతా వీడియో తీయాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఉంది. అది రాష్ట్రాల్లో పూర్తిగా అమలుకు రావడానికి ఐదేళ్ల గడువిచ్చారు. మన జిల్లాలో అది ఎంతవరకు వచ్చిందో ఒక విలేకరిని పంపి రాయించండి, నేను మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతాను. హత్య కేసులో 90 రోజుల్లోగా చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కు వస్తుంది. ఏ కేసులో అట్లా జరిగింది, ఎందుకు జరిగింది అన్నది ప్రజలకు తెలియాల్సిన వార్త.

నేను కోరేది పెద్దదేమీ కాదు. ఠాణాకు పిలిచి అడిగినంత మాత్రాన ఎవరి పేరూ, ఫొటో, షాపు పేరూ వేయకండి. ఒకవేళ వేస్తే, సంబంధం లేదని తేలిన రోజు అదే పేజీలో అంతే పెద్ద అక్షరాలతో ఆ సంగతీ వేయండి. అరెస్టు నాటి వార్తకు నాలుగు కాలాలు ఇచ్చినప్పుడు తీర్పుకు, ముఖ్యంగా నిర్దోషి అన్న తీర్పుకు, కనీసం రెండు కాలాలైనా ఇవ్వండి. అందుకు విలేకరి రోజూ కోర్టు వరండాలో నిలబడనక్కర లేదు. ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరు కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో కనబడుతుంది. మీరు హెడ్డింగు పెట్టిన ప్రతి హత్య కేసు నంబరునూ ఒక రిజిస్టరులో రాసి పెట్టుకొని, నెలకొకసారి చూడమని మీ జిల్లా డెస్కుకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామగిరి, నల్లగొండ